ప్రెస్టన్ డాక్: ఇసుకతో పోరాడిన రేవు

సముద్రానికి మైళ్ల దూరంలో ఉన్న ఊరికి రేవెందుకు? ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నూలు మిల్లుల పట్టణం ప్రెస్టన్ మాత్రం సొంత రేవు కావాలని పట్టుబట్టింది. రిబుల్ నదిని దక్షిణంగా మళ్లించి, పాత నదీతలంలో 40 ఎకరాల డాక్ తవ్వించింది. 1885లో యువరాజు ఆల్బర్ట్ ఎడ్వర్డ్ శంకుస్థాపన చేశాడు. 1892లో డాక్ తెరుచుకుంది, ఆయన పేరుతోనే.

పత్తి, కలప, బొగ్గు, చమురు, తర్వాత అరటిపండ్లు వచ్చాయి. అసలు ఘనత మాత్రం 1948లో దక్కింది. యుద్ధంలో ట్యాంకులు మోసిన ఓడల్లోకి సరుకు లారీలను నేరుగా ఎక్కించి, ఉత్తర ఐర్లాండ్‌లోని లార్న్‌కు పంపడం ఇక్కడ మొదలైంది. లారీలు నేరుగా ఎక్కి దిగే వాణిజ్య ఓడల సర్వీసుల్లో ప్రపంచంలోనే ఇది తొలితరం. ఇవాళ్టి ఫెర్రీ ప్రయాణికుల్లో ప్రెస్టన్ పేరు విన్నవాళ్లు ఎందరుంటారు?

ఇంత చేసినా, నది ఊరుకోలేదు.

రిబుల్ ముఖద్వారంలో ఇసుక నిరంతరం పేరుకునేది. దారి తెరిచి ఉంచాలంటే డ్రెడ్జర్లు ఆగకుండా పూడిక తీయాలి. రేవుకొచ్చే ఆదాయంలో పెద్ద వాటా దానికే పోయేది. ఓడలు పెద్దవయ్యేకొద్దీ లోతు చాలలేదు, కంటైనర్ల రాకతో సరుకు వేరే రేవులకు మళ్లింది. నిజానికి ఆ నదితో పోరు మొదటినుంచీ పట్టణానికి తలకు మించిన భారమే.

1981లో రేవు మూతపడింది. ఇప్పుడక్కడ పడవల మెరీనా, దుకాణాలు, ఇళ్లు ఉన్నాయి.