సభాహక్కు – న్యాయవిధానము
(వనపర్తి పఠనమందిరమున చేసిన ఉపన్యాస పాఠము)



గస్తీ నిషాన్ 53 అను మాట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములవారు పెద్దల నోట విన్నదే. నిజాం ప్రభుత్వమున సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలసియుండెను. అట్టి కాలముననే, 1930లో, శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ జరిగినది. న్యాయవాదియు గోలకొండ పత్రికా సంపాదకుడునైన ఆ మహాశయునే 1952లో వనపర్తి ప్రజలు శాసనసభకు పంపిరి.

ఆనాడు సభ అధికారి దయపై ఆధారపడినది. 1950 జనవరి 26 నుండి అది మన హక్కు. 19వ అధికరణము మాటాడుటకును, ఆయుధములు లేక శాంతముగా గుమికూడుటకును స్వేచ్ఛనొసగినది. అయినను నేడును జిల్లాలలో తరచు 30 పోలీసు యాక్టు ప్రకటన వెలువడును. అనుమతి అడుగక తప్పదు. అట్లైన మార్పేమి? మార్పంతయు విధానములో ఉన్నది.

1972లో హిమత్‌లాల్ షా వ్యాజ్యమున సుప్రీంకోర్టు, వీధులలో సభలను క్రమపరచవచ్చును గాని, ఏ కారణమున కాదనవలెనో చెప్పక సర్వమును అధికారి ఇష్టమునకు విడిచిన నియమము చెల్లదనెను. 2020 జనవరిలో అనూరాధా భసీన్ వ్యాజ్యమున, 144వ సెక్షను ఉత్తరువులను ప్రకటింపవలెననియు, అందు కారణములు చూపవలెననియు, న్యాయమైన అభిప్రాయమును అణచుటకు వానిని వాడరాదనియు చెప్పెను. హద్దును సహితము చూపినది: అదే ఏట అక్టోబరులో, షాహీన్‌బాగ్ విషయమున, ప్రజామార్గమును నిరవధికముగా ఆక్రమింపరాదనెను. బాటసారికిని హక్కు కలదు గదా!

తీర్పులు ఢిల్లీలో వెలువడును. వాని పరీక్ష మన ఊళ్ళలో జరుగును. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్దధన్వాడ యొద్ద ఇథనాల్ కర్మాగారము వలదని జరిగిన ఆందోళనములో రైతులు అరెస్టయిరి. దౌర్జన్యము జరిగినదను అభియోగమును న్యాయస్థానమే తేల్చవలెను. దానిపై మేము మాటాడము. కాని అలంపూరు కోర్టుకు తెచ్చినప్పుడు వారి చేతులకు సంకెళ్ళుండెను! సంకెల మామూలు కారాదనియు, వేసినచో కారణము వ్రాసి న్యాయాధికారికి చూపి ఆమోదము పొందవలెననియు ప్రేమశంకర్ శుక్లా వ్యాజ్యమున 1980లోనే సుప్రీంకోర్టు చెప్పియున్నది. నలువదియైదేండ్లకును ఆ మాట రైతు చేతివరకు రాలేదు. తరువాత కొందరు పోలీసు సిబ్బంది సస్పెండైరి; పడిన అవమానము తిరిగిరాదు.

సివిలు దావాయును నోరు నొక్కగలదు. ప్రతివాది కోర్టుకు రాకమునుపే ఇంజంక్షను తెచ్చుట కొందరి పద్ధతి. సివిలు ప్రొసీజరు కోడు 39వ ఆర్డరు 3వ రూలు ప్రకారము ముందు నోటీసు ఇచ్చుటయే నియమము. ఇయ్యనిచో న్యాయాధికారి కారణము వ్రాయవలెను. విచారణ కాకమునుపే ప్రచురణను ఆపుట అరుదైన సందర్భములలోనే తగునని 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు హెచ్చరించెను.

మా వృత్తివారి లోపమును దాచము. సభకు అనుమతి లేదని నోటితో చెప్పి పంపిరని వచ్చిన యువకులను, మరియొక దినము చూతమని మేమును ఇంటికి పంపితిమి. అది తప్పు. నోటిమాటకు తేది లేదు, సంతకము లేదు. దానిని హైకోర్టులో చూపుట కష్టము.

కావున సభ తలపెట్టినవారు దరఖాస్తు వ్రాతలో ఇచ్చి రసీదు పుచ్చుకొనుడు. కాదన్నచో, కారణములతో వ్రాసి ఇమ్మని వినయముగా అడుగుడు, ఇచ్చువరకు అడుగుడు. ఇయ్యనిచో స్పీడ్ పోస్టులో మరల పంపుడు. 2022 జూన్ నుండి మన మూడు జిల్లాలకును జిల్లా న్యాయస్థానములున్నవి. అచ్చట వకీళ్ళున్నారు. రుసుము లేక ఆ కాగితమును చదివిపెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము. కాగితము తెండు.