సి డివిజను నుండి ఎ డివిజనుకు: మన హైదరాబాదు ఫుట్‌బాల్ లీగు



ఫుట్‌బాల్ క్రీడను గూర్చి ప్రసంగించువారు సాధారణముగా దాని శిఖరములనే వర్ణింతురు. ప్రపంచ కప్పు పోటీలును, యూరోపు ఖండమునందలి మహాజట్లును, కోట్ల ధనమునకు చేతులు మారు ఆటగాండ్ర వృత్తాంతములును మన పత్రికల పుటలను, మన పిల్లల సంభాషణలను నింపివేసినవి. నేడు నేను మీకు పరిచయము చేయదలచినది ఆ శిఖరమును మోయుచుండు అధోభాగమును: మన హైదరాబాదు నగరమున ఎ డివిజను, బి డివిజను, సి డివిజను అను మూడంతస్తులుగా నెలకొనియున్న స్థానిక లీగును, అందు పేరెరుగని జట్టు అట్టడుగు నుండి పైకెక్కుటకును, పేరుగన్న జట్టు క్రిందికి దిగుటకును ఏర్పడియున్న నియమమును. ఒకప్పుడు భారతదేశపు జట్టుకు మేటి ఆటగాండ్రను వరుసగా అందించిన ఈ నగరమునకు ఆ శక్తి ఎచ్చట నుండి వచ్చినదని అడిగినచో, ఆ క్రింది అంతస్తు నుండియే వచ్చినదని నా దృఢవిశ్వాసము. అది మరల రావలెనన్నను అక్కడి నుండియే రావలెను.

మొదట లీగు అనగా నేమో విన్నవింతును. నాకౌట్ టోర్నమెంటులో ఒక్క మ్యాచి ఓడిన జట్టు సామాను సర్దుకొని ఇంటికి పోవలసినదే. ఆనాటి వర్షమో, ఒక ఆటగాని జ్వరమో, రెఫరీ కంటబడని ఒక్క తప్పిదమో దాని యేడాది శ్రమను తుడిచిపెట్టగలదు. లీగునందట్లు గాదు. ఒక డివిజనులోని ప్రతి జట్టును తక్కిన జట్లన్నింటితోడను ఆడి తీరవలెను. గెలిచిన జట్టుకు 3 పాయింట్లు, ఆట సమముగా ముగిసినచో చెరియొక పాయింటు, ఓడినచో సున్న. పూర్వము గెలుపునకు 2 పాయింట్లే యుండెడివి. సీజను ముగియునప్పటికి పట్టికలో పైనున్న జట్లు తరువాతి యేడు పై డివిజనున ఆడుటకు అర్హత సంపాదించును. అడుగున మిగిలినవి క్రింది డివిజనునకు దిగును. మొదటిదానిని ప్రమోషను అనియు, రెండవదానిని రెలిగేషను అనియు మైదానమున అందరును వాడుదురు. మన పెద్దలు వైకుంఠపాళి పటమున నిచ్చెనలను, పాములను చిత్రించినట్లే ఇందును ఆరోహణావరోహణములు రెండును గలవు. అయితే అచ్చట గవ్వలు నిర్ణయించుదానిని ఇచ్చట ఆటగాని కాలు నిర్ణయించును. ఈ నియమము వలన కలుగు గొప్ప ఫలమేమనగా, కప్పు గెలుచు ఆశ ఎన్నడో అడుగంటిన జట్లు సయితము చివరి మ్యాచి వరకును ప్రాణములొడ్డి ఆడవలసివచ్చును. వారి ఆటకు అర్థము చివరి నిమిషము వరకును ఉండును.

ఈ నియమము న్యాయమునకు ఎంత సన్నిహితమో మన దేశపు క్రీడాచరిత్రయే చాటుచున్నది. ఆంగ్లేయ పాలనాకాలమున కలకత్తా లీగు మొదటి డివిజనునందు భారతీయ జట్లు రెండింటికి మించి యుండరాదను నిబంధన యుండెను. 1924లో రెండవ డివిజనున అగ్రస్థానమునకు వచ్చిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు, తాను ఆడి గెలిచిన స్థానమును రంగునుబట్టియు జాతినిబట్టియు ఏల కాదనవలెనని పట్టుబట్టగా, వాదోపవాదముల అనంతరము ఆ నిబంధన సడలి, 1925లో ఆ క్లబ్బు మొదటి డివిజనున అడుగిడెను. అటుపిమ్మట 1934లో రెండవ డివిజను నుండి పైకి వచ్చిన మహమ్మడన్ స్పోర్టింగు క్లబ్బు, వచ్చిన యేడే మొదటి డివిజను విజేతయై, 1938 వరకు వరుసగా అయిదు పర్యాయములు ఆ గౌరవమును నిలుపుకొనెను. ద్వారము తెరచియుంచిననే గదా, లోపలికి రాదగినవాడెవడో తెలియుట!

మన నగరమున ఈ ద్వారమును తెరచియుంచిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. నేటికిని మైదానపు పెద్దలు ఆయనను రహీం సాబ్ అనియే స్మరింతురు. మన నగరపు లీగు ఆయన పేరిటనే రహీం లీగుగా ప్రసిద్ధము. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, కాచిగూడ, చాదర్‌ఘాట్, దారుల్ ఉలూం మొదలగు పాఠశాలలందు ఉపాధ్యాయుడుగా పనిచేసిన ఆయన, 1940ల తొలి యేండ్ల నుండి మరణపర్యంతము హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండెను. పాఠశాలలో పిల్లవానికి అక్షరాభ్యాసము నుండి ఆరంభించి ఒక్కొక్క తరగతి దాటించుట ఆయన వృత్తి. మైదానమునను ఆయన అవలంబించినది ఆ క్రమమునే.

అందుకొక నిదర్శనము చెప్పెదను. ఆయన బాలురకై విచిత్రమైన టోర్నమెంట్లు ఏర్పాటు చేయించెను. ఒకదానియందు డ్రిబ్లింగు నిషిద్ధము. బంతి కాలికి అందిన వెంటనే సహచరునకు అందింపవలసినదే గాని, దానిని కాళ్ళ నడుమ త్రిప్పుచు తన నేర్పు ప్రదర్శించుటకు వీలులేదు. మరియొకదానియందు కుడికాలి వాటముగల పిల్లవాడు ఎడమకాలితోనే ఆడవలెను, ఎడమకాలి వాటముగలవాడు కుడికాలితోనే. ఇంకొకదానియందు ఎత్తునకు పరిమితి. పొట్టివారికి పొట్టివారితోడనే పోటీ. ఇవి చూచువారికి వినోదముగా తోచియుండవచ్చును. కాని డ్రిబ్లింగు నిషేధింపబడిన పిల్లవాడు బంతి రాకమునుపే తల యెత్తి, తనవాడెచ్చట నున్నాడో చూచుటకు అలవాటుపడును. అక్కరకురాని కాలితో ఆడినవాడు రెండవ సీజను నాటికి ఇరుపక్కలకును సమర్థుడగును. పెద్ద టోర్నమెంటులో, వేలాది జనుల కేకల నడుమ, ఈ విద్య నేర్చుకొనుటకు అవకాశము లేదు. తప్పు చేసినను కొంప మునగని క్రింది పోటీలలోనే అది అలవడవలెను.

ఆ శిక్షణ ఫలించిన విధము లోకవిదితము. రహీం సాబ్ 1950 నుండి కోచ్‌గా నడపిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు, బొంబాయిలోని రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు ఎడతెగక అయిదు సంవత్సరములు గెలిచెను; ఢిల్లీలో 1950వ సంవత్సరపు డ్యూరండ్ కప్పును మోహన్ బగాన్ వంటి జట్టును ఓడించి గైకొనెను. 1956-57లోను, 1957-58లోను సంతోష్ ట్రోఫీ హైదరాబాదు జట్టుకు దక్కెను. భారత జట్టుకు ఆయనయే కోచ్‌గా నుండగా 1951లో న్యూఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1 గోలులతో గెలిచి మరల స్వర్ణము లభించినవి. రుగ్మతను లెక్కచేయక జకార్తా విజయమును సాధించి వచ్చిన ఆయన 1963 జూన్‌లో పరమపదించెను.

ఈ విజయములు గగనము నుండి ఊడిపడినవి గావు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిపెరిగిన తులసీదాస్ బలరాం చరిత్ర చూడుడు. 1955-56 నాటికి అతడు రైడర్స్ క్లబ్బు అను స్థానిక జట్టున ఆడుచుండెను. రహీం సాబ్ కంటబడి, 1956లో హైదరాబాదు జట్టునందు చోటు సంపాదించి, ఆ యేడే మెల్‌బోర్న్‌లో భారతదేశపు పక్షమున ఆడెను. మరుసటి యేడు ఈస్ట్ బెంగాల్ అతనిని పిలుచుకొనెను. స్థానిక క్లబ్బు నుండి ఒలింపిక్సు వరకు ఒక పేద యింటి బాలుడు ఇంత స్వల్పకాలమున నడచిపోవుటకు కారణము అతని ప్రతిభ మాత్రమే గాదు. ఆ ప్రతిభను గమనించు కన్ను క్రింది మ్యాచి జరుగు మైదానమున ఉండుట. పోలీసు, రైల్వే, సైనిక కేంద్రములు, ప్రభుత్వ కార్యాలయములు తమ జట్లకు కావలసిన ఆటగాండ్రను ఈ చిన్న క్లబ్బుల నుండియే ఏరుకొనెడివి. అందుచేత లీగులో పైకెక్కుట అనునది పట్టికలో ఒక వరుస మాత్రమే గాక, ఆటగాని యింటికి నెలజీతమును, తల్లిదండ్రులకు నిశ్చింతను తెచ్చు మార్గమయ్యెను.

ఇక పాతబస్తీ. మూసీనది దక్షిణపు గట్టున నున్న ఈ ప్రాంతమున, విశేషించి నిజాముల సైన్యమున కొలువుచేసిన హద్రమౌత్ అరబ్బుల సంతతివారు తరతరములుగా నివసించు బార్కస్ పేటలో, ఫుట్‌బాల్ మీది ప్రీతి తండ్రి నుండి కొడుకునకు ఆస్తివలె సంక్రమించుచున్నది. క్రికెట్టు దేశమంతటిని ఆక్రమించిన ఈ దినములలోను అచ్చటి మైదానమున సాయంకాలము బంతి వెంట పరుగిడు బాలురను చూడవచ్చును. బార్కస్‌లోనే గాక, మన నగరమున ఎచ్చటనైనను ఒక పేటవారు పదునెనిమిదిమంది యువకులను కూర్చి, ఇంటింట చందా పోగుచేసి, జెర్సీలు కుట్టించి, సంఘమున రుసుము చెల్లించి జట్టును నమోదు చేయించుకొన్ననాడు, వారు చేరు స్థానము సి డివిజను.

ఆ సి డివిజను మ్యాచిని ఒకపరి దగ్గర నిలిచి చూడవలెను. జట్టు మేనేజరు ఆటగాండ్ర పేర్లు వ్రాసిన కాగితమును రెఫరీ చేతికిచ్చును. రెఫరీ వరుసగా నిలిచినవారి బూట్ల అడుగులను త్రిప్పించి, మొనదేలిన స్టడ్ ఏదైన నున్నదేమో పరికించును; ఉంగరములు, చేతి కడియములు తీయించును. ఆటగాండ్రలో ఒకడు దుకాణమున సెలవడిగి వచ్చినవాడు, ఒకడు కళాశాల నుండి తిన్నగా వచ్చినవాడు, ఒకడు ఆటో నడపి వచ్చినవాడు. గీత వెంబడి నిలిచి చూచువారు ఏబదిమందియైన నుండరు. కాని ఆ ఏబదిమందిలో ఒకప్పటి ఆటగాడైన పెద్దమనిషి యొకడు తప్పక యుండును. ఆయన బంతిని గాక, బంతి లేని వేళ కుర్రవాడు ఎచ్చటికి పరుగెత్తుచున్నాడో కనిపెట్టుచుండును. ఉన్నతమైన స్టేడియమున జరుగు ఆటకును దీనికిని నియమములలో అణుమాత్రమైన భేదము లేదు. ఆ పదునొకండ్రు, ఈ పదునొకండ్రు, ఒక బంతి, రెండు జతల గోలుస్తంభములు. ఈ సమానత్వమే ఆ యువకుల గౌరవము.

రహీం సాబ్ అనంతరమును మన ఆటగాండ్రు కలకత్తా దారి పట్టుచునే యుండిరి. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి హైదరాబాదీలు అచ్చటి మహాక్లబ్బులకు వెన్నెముకలైరి. 1970 ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారత జట్టుకు నయీముద్దీన్ నాయకుడు. 1977లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టును మోహన్ బగాన్ 2-2గా నిలువరించిననాడు గోలు వేసినవారిలో హబీబ్ ఒకడు. వారు వెడలుట దోషము గాదు. వారి వెనుక మరియొక వరుస సిద్ధమై రాకపోవుటయే మన దురదృష్టము. కార్యాలయములలో క్రీడాకారుల నియామకములు తగ్గినవి, ఆడుకొను ఖాళీ స్థలములపై కట్టడములు లేచినవి. మెట్ల వరుసలో క్రింది మెట్టు సడలినచో పై మెట్టు ఎంత బంగారమైనను ఎక్కువాడు ఎక్కడ?

ఈ క్రింది మెట్టును కాపాడుకొనుటలో చిన్నదేశమైన వేల్సు మనకు ఆదర్శప్రాయము. సుమారు 31 లక్షల జనము గల ఆ దేశమున, కార్డిఫ్, స్వాన్సీ వంటి పెద్ద నగరముల క్లబ్బులు ఇంగ్లండు లీగులలో ఆడుచుండగా, తక్కిన పట్టణములకును పల్లెలకును వేరుగ ఒక నిచ్చెన కట్టబడియున్నది. 1992లో నెలకొని నేడు కమ్రీ ప్రీమియర్ అనబడు లీగు అగ్రమున. దాని క్రింద ఉత్తర, దక్షిణ విభాగములు. వాని క్రింద ఆర్డల్ లీగులని నాలుగు. వాని క్రింద ఆయా ప్రాంతముల సంఘములు నడపు లీగులు. అచ్చట పైకెక్కుటకు పట్టికలో మొదట నిలిచినంత మాత్రము చాలదు. మైదానము, దుస్తులు మార్చుకొను గదులు, ప్రేక్షకులు నిలుచు వసతి నిర్ణీత ప్రమాణమున నున్నవని లైసెన్సు పొందవలెను. దానిచే గ్రామపు క్లబ్బు ఆటతోపాటు మైదానమునుగూడ యేటేట బాగుచేసికొనును. అయితే లైసెన్సు నియమము కఠినమైనచో పేద క్లబ్బు గెలిచియు క్రిందనే చిక్కుకొనునను బాధ అందున్నది. కావున మనము ఆ పద్ధతిని గైకొనునప్పుడు, మైదానమును ప్రభుత్వమో సంఘమో సమకూర్చి, పోటీని ఆటగాండ్రకు విడిచిపెట్టుట ధర్మము.

మన దేశమునను ఇప్పుడిప్పుడే ఈ జ్ఞానోదయము కలుగుచున్నది. 2014లో వెలసిన ఇండియన్ సూపర్ లీగు తొలి దశాబ్దమున ధనము చెల్లించి ప్రవేశించిన జట్లలో ఏదియు క్రిందికి దిగలేదు. అయినను దాని క్రింది అంతస్తైన ఐ-లీగు గెలిచి 2023లో పంజాబు జట్టును, 2024లో మహమ్మడన్ స్పోర్టింగును ఆటచేతనే పైకెక్కినవి. రాష్ట్ర లీగుల జట్లకు ఐ-లీగు 3 అను ద్వారము 2023లో తెరువబడినది. అనగా సిద్ధాంతరీత్యా పాతబస్తీలోని ఒక పేట జట్టుకును దేశపు అగ్రస్థానమునకును నడుమ ఆనాటితో అవిచ్ఛిన్నమైన మార్గము ఏర్పడినది. ఇదే సమయమున మరియొక పాఠమును మనము చూచితిమి. 2019లో స్థాపితమై 2022లో సూపర్ లీగు విజేతయైన హైదరాబాదు ఎఫ్.సి., 2025లో యాజమాన్యపు నిర్ణయముచే ఢిల్లీకి తరలిపోయినది. కొనితెచ్చుకొన్న జట్టును మరియొకరు కొనిపోవచ్చును. పేట చందాలతో పుట్టి సి డివిజను నుండి ఒక్కొక్క మెట్టు ఎక్కివచ్చిన జట్టును ఎవ్వరును ఎత్తుకొనిపోజాలరు.

కావున శ్రోతలారా, లీగును నిర్వహించు పెద్దలకు నా మనవి ఇది: సీజను ఏ మాసమున ఆరంభమగునో, ఎన్ని జట్లు ఎక్కునో, ఎన్ని దిగునో తొలి బంతి తన్నకమునుపే వ్రాసి ప్రకటింపుడు, ఆ వ్రాతను ఎంతటివారి కొరకును మార్పకుడు. ఒక్క యేడు లీగు ఆగినచో పదునెనిమిదేండ్ల ఆటగానికి ఆ యేడు తిరిగి రాదు. నగరపాలకులకు మనవి: ప్రతి పేటకును ఒక మైదానమును చట్టబద్ధముగా రక్షింపుడు. ఇక మీకు, నాకు మిగిలిన కర్తవ్యము సులభమైనది. రాత్రి దూరదేశపు మ్యాచిని దూరదర్శిని యందు చూచుటకు మేల్కొను మనము, ఈ వారములో ఒక సాయంకాలము మన పేట కుర్రవాండ్రు ఆడు సి డివిజను మ్యాచికి పోవుదము. జట్టు పేరు తెలిసికొందము, గెలిచినచో కరతాళములు చరచుదము, సీజను చివర వారు బి డివిజనునకు ఎక్కిరో లేదో విచారింతము. ఏబదిమంది చూచు ఆటను ఐదువందలమంది చూచిననాడు, ఆ కుర్రవాండ్రను పైకెత్తు బాధ్యత సంఘమునకును, ప్రభుత్వమునకును తప్పనిసరియగును.