బిరుదుల పట్టికలో లేని పేర్లు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆచార్యులు, సిబ్బంది పొందిన గౌరవాలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను ఆచార్యుణ్ణి కాను. ఆ విశ్వవిద్యాలయంలో ఉద్యోగమూ చేయలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. అందుచేత గుమాస్తా చూపుతోనే చెబుతాను, పెద్దలు మన్నించాలి.

విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. మొదట బెజవాడలో ఉండి 1930లో వాల్తేరుకు వచ్చింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. బ్రిటిషు ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో ఆయన రాజీనామా చేశారు. 1936లో మళ్ళీ అదే కుర్చీలోకి వచ్చి 1949 వరకు ఉన్నారు. నడుమ అయిదేళ్ళు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. 1954లో భారతరత్న మొట్టమొదటిసారి ముగ్గురికి ఇస్తే, అందులో ఆయన ఒకరు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటివారు ఆయన కాలంలో ఇక్కడికి పాఠాలు చెప్పడానికి వచ్చారు. సూరి భగవంతంగారు చిన్నవయసులోనే ఫిజిక్సు శాఖలో చేరారు. తరువాత బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు డైరెక్టరయ్యారు.

గణితంలో ఇక్కడ ఎం.ఏ. చదివిన సి.ఆర్. రావుగారిని కూడా చెప్పుకోవాలి. 1945 నాటి ఒక వ్యాసంతో మొదలైన కృషికి 2023లో, నూటరెండేళ్ళ వయసులో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించారు. మన డి.ఏ. బకాయిలు ఆలస్యమని విసుక్కుంటాం గానీ, డెబ్బై ఎనిమిదేళ్ళు!

అందరిలోకీ నాకు ఎక్కువ ఇష్టమైన కథ తిరువెంగడం రాజేంద్రం శేషాద్రిగారిది. 1930లలో కెమిస్ట్రీ శాఖకు వచ్చారు. ఆయన పని పూలలో, ఆకులలో, చెట్ల బెరడులో ఉండే రంగు పదార్థాల మీద. పత్తిపూల రంగేమిటి, గోంగూర జాతి పూల రంగేమిటి, వాటి నిర్మాణమేమిటి అని తవ్వుకుంటూ పోయారు. మన ఆడవాళ్ళు పచ్చడికి ఆకు తెంపుకొని పూవును వదిలేసే మొక్కలోనే ఆయనకు పరిశోధన దొరికింది. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1960లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1963లో పద్మభూషణ్ వచ్చింది. అప్పటికి ఆయన చిరునామా ఢిల్లీ. బదిలీ అయిపోయిన ఆఫీసరుకు మెచ్చుకోలు ఉత్తర్వు వస్తే పాత ఆఫీసు వాళ్ళు లోలోపల మురిసిపోతారే, వాల్తేరు సంతోషం కూడా అటువంటిదే అయి ఉంటుంది.

ఇప్పుడు నా సందేహం. రంగు పదార్థం చిటికెడు రావాలంటే పూలు గంపలకొద్దీ కావాలి. వాటిని కోయాలి, రేకులు విడదీయాలి, నీడన ఎండబెట్టాలి, తూచాలి, సారాయంలో మరిగించాలి, వడకట్టాలి. గాజు సామాను కడగాలి. స్పిరిట్ ఎంత ఖర్చయిందో స్టాకు రిజిస్టరులో రాయాలి, లేకపోతే ఆడిట్‌వాళ్ళు ఊరుకోరు. పరిశోధక విద్యార్థుల పేర్లు వ్యాసాల మీద అచ్చయ్యాయి, అది న్యాయం. కాని పూలగంప మోసినవాడి పేరు, రిజిస్టరు రాసినవాడి పేరు ఎక్కడున్నాయి?

1942 సంగతి చూడండి. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. ఊరు సగం ఖాళీ అయింది. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది, యుద్ధం ముగిశాకే తిరిగి వాల్తేరు చేరింది. చరిత్రలో ఇది ఒక్క వాక్యం. ఆఫీసు ఒక గదిలోంచి పక్క గదిలోకి మారితేనే మనకు నెలరోజులు ఏ ఫైలూ దొరకదు. ఇక్కడ గాజు పరికరాలు, పుస్తకాలు, విద్యార్థుల మార్కుల రికార్డులు, జీతాల బిల్లులు అన్నీ రైలెక్కి పోవాలి, మళ్ళీ తిరిగి రావాలి. ఈ పని చేసినవారికి పద్మాలు లేవు, కళాప్రపూర్ణలు లేవు. నేను పద్మాలు అడగడం లేదు. ఆచార్యుల గౌరవాన్ని తగ్గించమనీ అనను, వారు దానికి అర్హులే. నాకు కావలసింది పేరు, హోదా, పనిచేసిన సంవత్సరాలు. మూడు కాలాలు, అంతే.

ఆఫీసు రికార్డుల్లో ఉంటాయి గదా అని మీరనవచ్చు. రికార్డు రూము సంగతి మనకు తెలియనిదా! ఇన్నేళ్ళు దాటిన కాగితం చింపేయవచ్చని నిబంధన ఉంది. నిబంధన చేయని పని చెదలు చేస్తాయి. మనిషి పోయి, ఫ్యామిలీ పెన్షనూ ఆగిపోయాక ఆ సర్వీసు రిజిస్టరు ఎవరికి కావాలి? పాత గ్రూపు ఫోటోల్లోనూ అంతే, కుర్చీల్లో కూర్చున్నవారి పేర్లు కింద అచ్చువేసి ఉంటాయి, చివర తలపాగాతో నిలుచున్నవాడి దగ్గరకు వచ్చేసరికి ‘అటెండరు’ అని ఉంటే గొప్ప.

2026తో విశ్వవిద్యాలయానికి నూరేళ్ళు. 1942లో పాతికేళ్ళున్నవారు మనకు ఇక లేరు. కాని వారి పిల్లలు మన సంఘంలోనూ, మన వీధుల్లోనూ ఉన్నారు. అక్కడ పనిచేసిన తండ్రి, తాత, మేనమామ ఎవరున్నా, నియామకపు ఉత్తర్వు గానీ, ఫోటో గానీ, ఇంట్లో చెప్పుకునే మాట గానీ ఉంటే రాసి పంపండి. ఇంటి భాషలో రాసినా చాలు. ఫోటో వెనుక పెన్సిలుతో పేర్లు రాయండి, బాల్‌పెన్ను వాడవద్దు, అచ్చు ముందువైపుకు దిగుతుంది. అసలు ప్రతులు మీ దగ్గరే ఉంచుకొని జిరాక్సు మాత్రమే ఇవ్వండి. ప్రతి నెలా పెన్షనర్ల సమావేశం రోజున నేను హాలులో తలుపు పక్క బల్ల దగ్గర రూళ్ళ పుస్తకంతో కూర్చుంటాను. వరుస సంఖ్య ఒకటి ఇంకా ఖాళీగానే ఉంది.