మూటకు రెండు కిలోలే కదా!
(శ్రీకాళహస్తిలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



స్వర్ణముఖి ఒడ్డు ఊళ్లలో వడ్లు కాటా వేసేటప్పుడు మనం వినే మాట ఒకటుంది. "మూటకు రెండు కిలోలే కదా తరుగు, దానికేముంది రైతా!" మనమూ సరేనంటాం. ఆ రెండు కిలోలను మూటల సంఖ్యతో హెచ్చవేసి చూడం.

ఇప్పుడు వేసి చూద్దాం. 50 కిలోల మూటలు వంద ఉన్నాయనుకోండి. వందను రెండుతో హెచ్చవేస్తే 200 కిలోలు. 2025-26కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. అంటే తరుగు కింద పోయేది 4,738 రూపాయలు.

గోనెసంచి బరువు తీసేయాలంటారు. న్యాయమే. 50 కిలోలు పట్టే కొత్త గోనెసంచి 580 గ్రాములుంటుంది. వంద సంచులకు 58 కిలోలు. మరి మిగతా 142 కిలోలు దేనికింద పోతున్నాయి? తేమ అంటారు. తేమ 17 శాతం వరకు నిబంధనలే ఒప్పుకుంటాయి. అంతకు మించి ఉందంటే మీటరు పెట్టి చూపించమనండి. చూపించని తేమకు 142 కిలోలు వదిలేస్తే 3,364 రూపాయలు వదిలేసినట్టే. 266 రూపాయల 50 పైసల లెక్కన పన్నెండు యూరియా బస్తాల డబ్బు అది!

బేరం నెల్లూరు పుట్టి లెక్కన వచ్చిందనుకోండి. పుట్టి 850 కిలోలు. "పుట్టికి పద్దెనిమిదిన్నర వేలు" అనేసరికి చెవికి బాగానే ఉంటుంది. భాగహారం పెట్టుకుని తలనొప్పి తెచ్చుకోవద్దు. క్వింటాలు ధరను ఎనిమిదిన్నరతో హెచ్చవేయండి: 20,136 రూపాయల 50 పైసలు. పుట్టికి పదహారు వందల పైన తక్కువ అడుగుతున్నారని తేలిపోతుంది.

యూరియా బస్తా సంగతీ ఇంతే. 2018 నుంచి 50 కిలోల బస్తా 45 కిలోలయింది. ఎప్పటిలాగే రెండు బస్తాలు చల్లితే పైరుకు అందే నత్రజని 46 కిలోలు కాదు, 41.4 కిలోలే. మోతాదును బస్తాల్లో కాదు, కిలోల్లో చూడాలి.

బడికి పోయే బిడ్డను కాటా దగ్గర పక్కన కూర్చోబెట్టుకోండి, ఎక్కాలు మనకన్నా వాళ్లకే బాగా వస్తాయి. రసీదులో మూటల సంఖ్య, మూట బరువు, తరుగు మూడూ విడివిడిగా రాయించుకోండి. రాయమంటే, లారీ కదలకముందే మన సంఘానికి ఫోన్ చేయండి. మేము వస్తాం.