అడవి దారి అందరిదీ
(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఉగాది దగ్గర పడుతుందంటే మన కల్లూరు, కర్నూలు వీధులకు ఒక కళ వస్తుంది. భుజాన మూట, చేత కర్ర, నోట మల్లయ్య పేరు! కర్ణాటక, మహారాష్ట్రల నుంచి భక్తులు కాలినడకన శ్రీశైలానికి సాగిపోతుంటారు. దారిన పోయేవారికి మజ్జిగో మంచినీళ్లో ఇచ్చి, మన పని అయిపోయిందనుకుంటాం. ఆత్మకూరు దాటాక వారు నడిచే దారి గురించి ఇవాళ కాస్త మాట్లాడుకుందాం.

ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా కొండకు చేరే కాలిబాట అది. యాత్రికుల కష్టం గురించి ఆలోచించడం ఈనాటి సంగతి కాదు. 14వ శతాబ్దంలోనే ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు.

అయితే ఈ బాట ఒక్క యాత్రికులదే కాదు. తేనెకూ, గడ్డలకూ, జిగురుకూ చెంచులు తిరిగే అడవి ఇది. 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. 2014లో రాష్ట్రం విడిపోయాక మన వైపు మిగిలిన భాగమే సుమారు 3,296 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పులుల అభయారణ్యాల్లో పెద్దదిగా దీన్నే చెబుతారు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. కన్నడ భక్తులకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు. అందుకే చీర, గాజులు, పసుపు కుంకుమలు తెస్తారు. చెంచులకేమో మల్లయ్య తమ పిల్లను చేసుకున్న అల్లుడు. ఇద్దరూ పిల్లనిచ్చినవారే! మరి పులీ, ఎలుగూ, దుప్పీ ఎవరంటారా? వీళ్లంతా దిగిన విడిదింటి అసలు యజమానులు. విడిదింట్లో ఎలా మసలుకోవాలో ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా?

జనం పెరుగుతున్నారు, బాట వెడల్పు చేయండి, దీపాలు పెట్టండి, దుకాణాలు రానివ్వండి అనేవారున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ బాట వెడల్పయితే బండ్లు వస్తాయి. బండ్లొస్తే అడవి రెండు ముక్కలవుతుంది. రాత్రిపూట మెకాలు దాటాలనే గదా, దోర్నాల నుంచి శ్రీశైలం పోయే రోడ్డుకు మామూలు రోజుల్లో రాత్రి 9 గంటలకు గేటు వేసి, ఉదయం 6 గంటలకు తీస్తారు! వంటిల్లు ఇరుకైతే గోడ పడగొట్టం. పనిని వేళల వారీగా సర్దుకుంటాం. అడవి బాటకూ అదే సూత్రం. పండుగ రోజుల్లో, పగటివేళ, గుంపులుగా నడవాలి. మిగతా రోజులు చెంచులకూ మెకాలకూ వదిలేయాలి.

పెంచవలసినవి వేరే ఉన్నాయి. వాన నీరు బాట వెంట పారితే మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. అప్పుడు జనం పక్కన తొక్కుతారు. ఒక్క బాట నాలుగు బాటలవుతుంది. అందుకని నీటిని పక్కకు మళ్లించే చిన్న కాలువలూ, ఏటవాలున రాతి మెట్లూ కావాలి. మజిలీకొక నీటి తొట్టి ఉండాలి. అది మెకాలు నీళ్లు తాగే వంకలకు దూరంగా ఉండాలి. ముఖ్యంగా ఆడవాళ్లకు మరుగు కావాలి. మొహమాటపడి నీళ్లు తాగకుండా, ఎండలో కళ్లు తిరిగి పడిపోయే అమ్మలక్కల సంగతి మనం అడగకపోతే ఎవరు అడుగుతారు? బాట చూసే పని చెంచులకు అప్పగిస్తే వారికి కూలీ, అడవికి కాపలా. పులుల జాడ పట్టే పనిలో అటవీశాఖ వారినే నమ్ముకుంది. బైర్లూటిలో అడవి చూడవచ్చేవారి విడిది పనుల్లోనూ చెంచులున్నారు.

ఇక మన వంతు. ఉగాది నాటికి నల్లమల ఆకు రాల్చి ఎండి ఉంటుంది. అగ్గిపుల్ల, కర్పూరం, బీడీ, ఏదైనా చాలు అంటుకోవడానికి. అడవిలో పొయ్యి పెట్టే పని లేకుండా రొట్టెలు, బొరుగులు, చిత్రాన్నం ఇంటినుంచే కట్టుకుపోవాలి. అన్నదానం చేసేవారు ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు మాని విస్తరాకులు వాడాలి. ఉప్పూ పులుపూ అంటిన కవరును దుప్పి నమిలిందంటే అది కడుపులో చుట్టుకుని చస్తుంది. పుణ్యానికి పోయి పాపం మూటగట్టుకోవడం అంటే ఇదే. ఒక్కొక్కరికి ఒక స్టీలు చెంబు, ఒక గుడ్డసంచి. తీసుకుపోయిన చెత్త తిరిగి తెచ్చుకునే సంచి కూడా అదే!

మన ఇళ్లల్లోంచి శివరాత్రికీ ఉగాదికీ నడిచిపోయేవారి మూట కట్టేది మన చేతులే. ఆ మూటలో ఏముండాలో, ఏముండకూడదో తేల్చేదీ మనమే. ఈ ఏడు మూట కట్టేటప్పుడు ఈ నాలుగు మాటలూ తలుచుకుంటారు గదూ! సెలవు.