ఈ అంకె ఎక్కడిది?



మన పిల్లలకు తెలుగు చదువు కావాలని అర్జీ రాసేటప్పుడు నేడు ముందుగా వెతికేది అంతర్జాలంలోనే. అక్కడ ఆధారాలు కుప్పలుగా దొరుకుతాయి. అయితే అర్జీని పక్కన పెట్టదలచిన అధికారికి అందులో ఒక్క తప్పు కనబడితే చాలు.

‘రాజ్యాంగం ప్రకారం పదవ తరగతి వరకు మాతృభాషలోనే చెప్పి తీరాలి, 350-ఎ చూడండి’ అనే తీరు సందేశాలు నా ఫోనుకు తరచుగా వస్తుంటాయి. సరే, చూద్దాం. కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైటులో రాజ్యాంగ పాఠం ఉంది. ఈ అధికరణం 1956లో ఏడవ సవరణతో చేరింది. అందులో ఉన్నది ప్రాథమిక దశ మాత్రమే. రాష్ట్రమూ, స్థానిక సంస్థలూ తగిన వసతులు కల్పించడానికి ప్రయత్నించాలని ఉంది. అందుకు రాష్ట్రపతి ఆదేశాలు ఇవ్వవచ్చునని కూడా ఉంది. తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఉంటే కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్న లెక్క ఇందులో లేదు. అది 1949 నాటి విద్యామంత్రుల సమావేశ తీర్మానం. రెంటినీ కలిపి రాస్తే అర్జీ వీగిపోతుంది. దేని పేరు దానికి పెట్టి రాస్తే జవాబు చెప్పక తప్పదు.

మనల్ని పొగిడే మాటను మనం అసలే పరీక్షించం. దేశంలో తెలుగుది మూడవ స్థానమని ఇప్పటికీ రాస్తున్నారు. 2001 లెక్కల్లో అది నిజం. 2011లో 8.11 కోట్లతో నాలుగవ స్థానానికి వచ్చాం. ఆ పుట అబద్ధమాడలేదు, పాతబడింది. తేదీ లేని పుటతో వచ్చే చిక్కు ఇదే.

తమిళనాట నూటికి నలభై మంది తెలుగువారేనన్న మాట మరొకటి. 2011 జనగణనలో అక్కడ తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలు, అంటే నూటికి ఆరుగురికి లోపే. పూర్వికుల మూలాలను లెక్కించడం వేరు, ఇంటికి వచ్చిన ఉద్యోగికి మనం చెప్పే మాతృభాష వేరు. (మనవాళ్లలో ఎందరు వేరే భాష పేరు చెప్పి ఉంటారో, అది వేరే బాధ.)

నిజానికి మనకు పనికొచ్చేది రాష్ట్రం అంకె కాదు, తాలూకా అంకె. జిల్లాలోనో తాలూకాలోనో 15 శాతానికి తగ్గకుండా ఉన్నవారి భాషలో ముఖ్యమైన ప్రకటనలు వెలువరించాలన్నది భాషా అల్పసంఖ్యాకుల రక్షణలలో ఒకటి. జనగణన వెబ్‌సైటులో సి-16 అనే పట్టిక తాలూకా వారీగా మాతృభాషల లెక్క ఇస్తుంది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది గనుక ఆ లెక్క 2011 నాటిదని అర్జీలోనే రాయండి. అధికారి ఎత్తి చూపేదాకా ఆగవద్దు.

సభ ముగిశాక నేను ఇక్కడే ఉంటాను. మీ తాలూకా పేరు, 2011లో అది ఏ జిల్లాలో ఉండేదో రాసుకొని వస్తే, ఆ పట్టికలో మీ వరుస ఎక్కడుందో చూపిస్తాను.