పది గుంటల్లో పురుగు మందు పరీక్ష

నేను పదో తరగతి వరకే చదివిన. తప్పులుంటే మన్నించండి.

మక్క పెట్టేటోళ్లందరికీ కత్తెర పురుగు తెలుసు. ఇది మన దేశంలో మొదట 2018లో కర్ణాటకల కనిపించింది, అదే ఏడు మన దిక్కు కూడా వచ్చింది. తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం లెక్క గీత, తోక దగ్గర నాలుగు చుక్కలు ఉంటయి. సుడిలో దూరి తింటది. పైన రంపపు పొట్టు లెక్క రెట్ట కనిపిస్తది.

ముందటేడు వానాకాలం నేను సంఘంలో ఇరవై వేలు అప్పు తీసుకున్న. అందుల నాలుగు వేలకు పైన మందులకే పోయినయి. దుకాణం ఆయన మూడు డబ్బాలు ఇచ్చి కలిపి కొట్టమన్నడు. మూడు సార్లు కొట్టినం, పురుగు పోలే. కిస్తీ మాత్రం ఆగుతదా? రెండు నెలలు నేను కట్టలేకపోతే మా గ్రూపు అక్కలే తలా ఇంత వేసి కట్టిన్రు. లీడరునై ఉండి ఆ దినం నేను తల ఎత్తలేదు.

అందుకే పోయిన యాసంగిల ఒక ఎకరాన్ని నాలుగు ముక్కలు చేసిన, ఒక్కోటి పది గుంటలు. హద్దులకు పాత చీర పేలికలు కట్టిన. మందు, మోతాదు వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి రాసుకున్న. మొదటి ముక్కకు ఎమామెక్టిన్ బెంజోయేట్, పదిహేను లీటర్ల పంపుకు 6 గ్రాములు. రెండో దానికి క్లోరాంట్రానిలిప్రోల్, 6 మిల్లీలీటర్లు. మూడో దానికి 1500 పీపీఎం వేప మందు, 75 మిల్లీలీటర్లు. నాలుగో దానికి ఉత్త నీళ్లు. మా అత్తమ్మ "నీళ్లు కొట్టుడేంది, పిచ్చి పట్టిందా?" అన్నది. నీళ్ల ముక్క లేకపోతే పురుగు మందుతోని పోయిందా, దానంతట అదే పోయిందా ఎట్ల తెలుస్తది?

ప్రతి ముక్కలో ఐదు చోట్ల పది పది మొక్కలకు ఎర్ర దారం కట్టి, కొట్టే ముందు, మూడో దినం, ఏడో దినం సుడి విప్పి బతికిన పురుగులను లెక్కవెట్టిన. మా బిడ్డ నోటుబుక్కుల రాసింది. మొదటి రెండు ముక్కలల్ల మూడో దినానికే చాలా తగ్గినయి. వేప మందుకు చిన్న పురుగులు తగ్గినయి, పెద్దవి అట్లనే తిన్నయి. నీళ్ల ముక్కల ఏం మారలే.

అయితే అసలు సంగతి వేరే దొరికింది. మొదటి ముక్కలోనే ఒక మూలకు పురుగు బాగ మిగిలింది. ఎందుకంటే ఆ మూల మా ఆయన మిట్టమధ్యాహ్నం, ఆకుల పైపైన కొట్టిండు. మిగతాది నేను సాయంత్రం, మూతి సుడిలోకి వంచి కొట్టిన. మందు ఒక్కటే, డబ్బా ఒక్కటే! ముందటేడు మేము మందును తిట్టినం గాని, కొట్టుడే సరిగ లేకుండె.

కోతకు నీళ్ల ముక్కల బస్తన్నర తక్కువ వచ్చింది. అత్తమ్మ ఇప్పటికీ ఆ బస్తన్నర లెక్క తీస్తది. మొదటి రెండు ముక్కల దిగుబడి దగ్గర దగ్గరే, కాని రెండో మందుకు ఖర్చు ఎక్కువైంది. ఇది ఒక్క చేను, ఒక్క పంట లెక్క. మీ చేన్ల వేరే తీరుగ రావచ్చు.

ఇంకో మాట. మా తోడికోడలు ఉత్త చేతులతోని మందు కలిపి, కండ్లు తిరిగి పడ్డది. చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ లేకుండా ఎవరూ కలపొద్దు. మందు కొట్టిన చొప్ప నేను బర్లకు వేయలే. ఒక్కటే మందును మళ్ల మళ్ల కొడితే పురుగు దానికి అలవాటు పడ్తది, మార్చాలె. నూరు మొక్కలల్ల పదికి పురుగు తగిలేదాకా మేము రసాయన మందు జోలికి పోలే, గుడ్ల కుప్పలు, పురుగులు చేతితోని ఏరినం. జల్లు వచ్చినంక కొట్టుడే లేదు.

వచ్చే యాసంగిల మా గ్రామ సంఘంలో ఇంకో ముగ్గురు అక్కలు పది గుంటలు ఇట్ల విడుస్తమన్నరు. చేసేటోళ్లు మీ వీఓఏకు పేరు రాయించండి. నోటుబుక్కు నా దగ్గర ఉంది, మధ్యాహ్నం భోజనాల కాడ చూపిస్త.